తోడు నావ

ఈ ప్రత్యేక సంచికకు సముద్ర చరిత్ర నుంచి ఏదైనా రాయమని సంపాదకులు కోరారు. రేవులో టగ్గు మీద ఉద్యోగం చేసినవాణ్ణి కనుక తోడు నావ గురించి రాస్తున్నాను.

దక్షిణ అట్లాంటిక్‌లో సౌత్ జార్జియా అనే మంచుకొండల దీవి ఉంది. అక్కడ విమానాశ్రయం లేదు. సాయమేదైనా సముద్రం మీదే రావాలి. 1916లో షాకిల్టన్ ఐదుగురు సహచరులతో ఎలిఫెంట్ దీవి నుంచి చిన్న పడవలో సుమారు 1,500 కిలోమీటర్లు ప్రయాణించి, మే 10న ఆ దీవి చేరాడు. వెంట తోడు నావ లేదు. వెనుక మిగిలిన 22 మందిని ఒడ్డు చేర్చడానికి ఆగస్టు 30 దాకా పట్టింది; మూడు ప్రయత్నాలు విఫలమయ్యాయి.

2005లో న్యూజిలాండ్‌కు చెందిన గ్రహం చార్లెస్, మార్క్ జోన్స్, మార్కస్ వాటర్స్ ఆ దీవిని కయాక్‌లలో చుట్టివచ్చారు. వారికి తోడుగా ఒక యాట్ ఉంది.

తోడంటే పక్కనే అంటిపెట్టుకుని పోవడం కాదు. పెద్ద అలలో యాట్ దగ్గరకొస్తే కయాక్ నుజ్జవుతుంది. హిమానీనదాల మీదుగా గాలి ఒక్కసారిగా దిగితే లంగరు జారుతుంది. రాత్రంతా ఒకరు మేలుకోవాలి.

ఒక తుపానులో కొట్టుకుపోతున్న పడవ దగ్గరకు పోదామని నేను పట్టుబట్టాను. “తగిలితే మనమే ముంచినవాళ్లమవుతాం” అన్నాడు మా సారంగు. గాలి వచ్చే వైపు దూరంగా నిలిచి, తాడుకు పీపా కట్టి వదిలించాడు. అది అలల మీద పోయి పడవకు అందింది. నలుగురూ దక్కారు.

ఆ రాత్రి ఆయనను పిరికివాడనుకున్నాను. ఆ మాట తప్పని ఆయన బతికుండగా చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.