గిడ్డంగి మారిన ప్రతిసారీ: డేటా వేర్‌హౌస్ వలసల చరిత్ర

వ్యాపార సంస్థలలో రోజువారీ లావాదేవీలను నమోదు చేసే కంప్యూటర్ వ్యవస్థలు వేరు, ఆ లావాదేవీలను ఏళ్ల తరబడి ఒకచోట పోగుచేసి ఏ ప్రాంతంలో ఏ సరుకు ఏ నెలలో ఎంత అమ్ముడైందన్న ప్రశ్నకు జవాబు చెప్పే వ్యవస్థలు వేరు. ఈ రెండో తరహా వ్యవస్థనే డేటా వేర్‌హౌస్ అంటారు. రెంటినీ ఒకే యంత్రం మీద నడిపితే పెద్ద లెక్క ఒకటి మొదలైనప్పుడల్లా కౌంటరు దగ్గరి పని నెమ్మదించేది గనుక, 1980లలో ఇవి క్రమంగా వేరుపడ్డాయి. అప్పటినుంచి యంత్రాలు, వాటిని అమ్మే కంపెనీలు, కొనుగోలు పద్ధతులు పలుమార్లు మారాయి, మారిన ప్రతిసారీ ఉన్న సమాచారాన్నంతా పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి తరలించవలసి వచ్చింది. మైగ్రేషన్ అని పిలిచే ఈ తరలింపు పని కాలక్రమంలో ఒక ప్రత్యేక వృత్తిగా రూపుదిద్దుకుంది. ఈ రంగపు చరిత్ర రాసేవారు కొత్త యంత్రాల ఆవిష్కరణను వర్ణించినంత శ్రద్ధగా ఈ తరలింపును పట్టించుకోరు, కానీ సంస్థల డబ్బూ కాలమూ ఎక్కువగా ఖర్చయింది ఇక్కడే.

ఈ కథకు మొదటి మజిలీ టెరాడేటా. 1979లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ఈ కంపెనీ, ఒకే భారీ ప్రాసెసర్ మీద ఆధారపడకుండా, చిన్న ప్రాసెసర్లను అనేకం కలిపి, ఒక్కొక్కదానికి దాని వంతు డిస్కును అప్పగించి, పట్టికలోని వరుసలను వాటి మధ్య పంచిపెట్టే పద్ధతిని వ్యాపార ప్రపంచానికి తెచ్చింది. ప్రశ్న అడిగినప్పుడు ప్రతి ప్రాసెసర్ తన దగ్గరున్న వరుసలను మాత్రమే వెదికి ఫలితాన్ని ఇవ్వడం వల్ల పని సమాంతరంగా సాగేది. డీబీసీ 1012 అనే ఈ యంత్రం 1983 చివర్లో వెల్స్ ఫార్గో బ్యాంకుకు చేరింది. 1988లో ఐబీఎంకు చెందిన బ్యారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ తమ వ్యాసంలో వేర్‌హౌస్ నిర్మాణ సూత్రాన్ని వివరించారు. 1991లో టెరాడేటాను ఎన్‌సీఆర్ కొనుగోలు చేసింది, ఆ మరుసటి ఏడాదే వాల్‌మార్ట్‌లో ఒక టెరాబైట్‌ను, అంటే లక్ష కోట్ల బైట్లను దాటిన వేర్‌హౌస్ పని ప్రారంభించింది. నేడు అంతటి డిస్కు మామూలు ల్యాప్‌టాప్‌లోనే దొరుకుతోంది.

గిడ్డంగిలో సమాచారాన్ని ఎలా అమర్చాలన్న విషయంలో రెండు మార్గాలు ఏర్పడ్డాయి. సంస్థ మొత్తానికీ పునరుక్తి లేని ఒకే కేంద్ర నిర్మాణం ఉండాలన్నది బిల్ ఇన్‌మన్ పక్షం. అమ్మకాలు, కొనుగోళ్లు వంటి ఒక్కో వ్యాపార ప్రక్రియకు ఒక లెక్కల పట్టిక, దాని చుట్టూ వివరాల పట్టికలు ఉంటే చాలన్నది 1996లో ‘ది డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్’ వెలువరించిన రాల్ఫ్ కింబల్ పక్షం. ఆచరణలో చాలా సంస్థలు రెంటినీ కలగలిపి వాడుకున్నాయి, ఆ కలగాపులగాన్ని విడదీసే భారం తర్వాతి తరాల మైగ్రేషన్ బృందాల మీద పడింది.

వేర్‌హౌస్‌లోకి సమాచారం దానంతట అది రాదు. మూల వ్యవస్థల నుంచి తీసి, శుభ్రపరచి, రూపం మార్చి లోపలికి ఎక్కించే ఈటీఎల్ అనే పని ఇందుకు అవసరం. 1993లో స్థాపితమైన ఇన్ఫర్మాటికా, తర్వాత ఐబీఎం చేతికి వచ్చిన డేటాస్టేజ్ ఈ పనికి ప్రసిద్ధమైన సాధనాలు. తెలుగువారికి ఈ రంగంతో సంబంధం కలిసింది ఈ దశలోనే. 1998 నవంబరులో హైటెక్ సిటీ ప్రారంభమయ్యే నాటికి వైటూకే పనుల (ఏడాదిని రెండంకెలతోనే దాచిన ప్రోగ్రాంలను 2000 రాకముందే సరిచేసే పనుల) ఊపులో ఉన్న హైదరాబాదులో, అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల కోచింగ్ కేంద్రాలు ఒక సాధనానికి ఒక కోర్సు చొప్పున శిక్షణ ఇచ్చేవి. డిగ్రీ ఏదైనా సరే, కొన్ని నెలలు ఇన్ఫర్మాటికానో టెరాడేటానో నేర్చుకుని ఉద్యోగానికో అమెరికాకో బయలుదేరిన వారికి లెక్కలేదు. ఆ గోడల మీది కోర్సుల బోర్డులను ఏటేటా ఫొటోలు తీసి దాచినవారెవరైనా ఉంటే, ఈ రంగపు చరిత్రకు అంతకు మించిన ఆధారం అక్కరలేదు.

2000 తర్వాత పదేళ్లలో వెబ్‌సైట్లు రాశులుగా పోస్తున్న సమాచారాన్ని ప్రత్యేక యంత్రాలలో దాచడం తలకు మించిన ఖర్చయింది. మామూలు సర్వర్ల గుంపు మీద భారీ లెక్కలు నడిపే పద్ధతిని గూగుల్ 2004లో మ్యాప్‌రెడ్యూస్ పేరుతో ప్రకటించడం, దాని ఆధారంగా 2006లో హడూప్ పుట్టడం ఇందుకు జవాబుగా వచ్చాయి. అయితే దీన్ని సంపూర్ణమైన వలస అనడం కష్టం, ఎందుకంటే చాలా సంస్థలు పాత సమాచారాన్ని హడూప్‌కు పంపి, యాజమాన్యం చూసే నివేదికలను మాత్రం పాత యంత్రం మీదే ఉంచుకున్నాయి. రెండు ఇళ్ల కాపురం కొన్నేళ్లు నడిచింది.

మూడో దశ క్లౌడ్, అంటే సొంత యంత్రాలు కొనకుండా మరొకరి డేటా సెంటర్‌లోని సామర్థ్యాన్ని అద్దెకు వాడుకోవడం. గూగుల్ 2010లో బిగ్‌క్వెరీని, అమెజాన్ 2012 నవంబరులో రెడ్‌షిఫ్ట్‌ను ప్రకటించాయి. అదే 2012లో, ఒరాకిల్‌లో పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లు మరొకరితో కలిసి స్నోఫ్లేక్‌ను స్థాపించారు. వీటిలో బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్ సమాచారం దాచే భాగాన్ని, లెక్క చేసే భాగాన్ని విడదీశాయి. పాత యంత్రంలో నెలాఖరు రద్దీకి సరిపడా సామర్థ్యాన్ని ముందే కొని మిగతా రోజులు ఖాళీగా ఉంచవలసి వచ్చేది, కొత్త పద్ధతిలో ఆ రద్దీ రోజులకు మాత్రమే అదనంగా చెల్లిస్తే సరిపోతుంది. సంస్థలను కదిలించింది వేగం కన్నా ఈ చెల్లింపు పద్ధతే అనుకోవడం సమంజసం. అమెజాన్ తన వినియోగదారుల వ్యాపారానికి చెందిన ఒరాకిల్ వేర్‌హౌస్‌ను 2018 నవంబరు 1న ఆపివేసి రెడ్‌షిఫ్ట్‌కు మారింది. 2019 అక్టోబరులో ఆ వ్యాపారంలోని చివరి ఒరాకిల్ డేటాబేస్‌ను కూడా మూసివేసేసరికి, తరలిపోయిన డేటాబేస్‌లు దాదాపు 7,500, వాటిలోని సమాచారం 75 పెటాబైట్లు, అంటే 75 వేల టెరాబైట్లు.

బయటివారు కష్టమనుకునేది ఇంత సమాచారాన్ని మోసుకెళ్లడమే. సెకనుకు ఒక గిగాబిట్ వేగమున్న లైను మీద 100 టెరాబైట్లు పంపడానికి, ఎక్కడా ఆగకపోయినా, తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. అందుకే అమెజాన్ 2015లో సూట్‌కేసంత డిస్కుల పెట్టెను, 2016లో 100 పెటాబైట్లు పట్టే కంటైనర్ లారీని ప్రవేశపెట్టింది. కాపీ పని ఎంత పెద్దదైనా రోజుల లెక్క తేలుతుంది. రోజుల లెక్క తేలనిది పాత వ్యవస్థ స్వభావాన్ని కొత్తదానిలో నిలబెట్టడం.

రెండు వ్యవస్థలూ మాట్లాడేది ఎస్‌క్యూఎల్ అనే ఒకే భాష, దానికి 1986 నుంచి ప్రమాణం కూడా ఉంది. అయినా 5ను 2తో భాగించమంటే, రెండూ పూర్ణాంకాలు గనుక టెరాడేటా 2 అని జవాబిస్తుంది, స్నోఫ్లేక్ 2.5 అంటుంది. పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ టెరాడేటా సాధారణంగా తేడా చూపదు, క్లౌడ్ వేర్‌హౌస్‌లు చూపుతాయి, కాబట్టి ఒకే ఊరి పేరు రెండు రకాలుగా నమోదై ఉంటే మునుపు ఒకటిగా వచ్చిన మొత్తం ఇప్పుడు రెండుగా చీలుతుంది. ఒరాకిల్ ఖాళీ పదాన్ని అసలు విలువే లేనట్టు పరిగణిస్తుంది, మిగిలినవి అలా చేయవు. టెరాడేటాలో సెట్ అనే రకం పట్టికలు ఒకదానిలోంచి మరోదానిలోకి వరుసలు నింపేటప్పుడు, అచ్చంగా ఒకేలా ఉన్న రెండో వరుసను చెప్పాపెట్టకుండా వదిలేస్తాయి. ఆ రక్షణ ఉందని తెలియకుండానే దాని మీద ఆధారపడిన ప్రోగ్రాం కొత్తచోట అమ్మకాలను రెట్టింపు చేసి చూపగలదు.

తేదీల సంగతి మరింత ఆసక్తికరం. టెరాడేటా తేదీని లోపల ఒక పూర్ణాంకంగా దాస్తుంది. ఏడాదిలోంచి 1900 తీసివేసి దాని పక్కన నెల, రోజు చేరుస్తుంది కనుక 1999 డిసెంబరు 31 అంటే 991231, మర్నాడు 1000101. ప్రపంచమంతా వైటూకే భయంలో ఉన్నప్పుడు ఈ అమరిక ఇబ్బంది పెట్టలేదు. కాకపోతే ఈ కిటుకు తెలిసిన ప్రోగ్రామర్లు తేదీని అంకెగా మార్చి, దానికి 19000000 కలిపి ఎనిమిదంకెల తేదీ రాబట్టడం అలవాటు చేసుకున్నారు. అదే వాక్యాన్ని స్నోఫ్లేక్‌లో నడిపితే తేదీని అంకెగా మార్చడం కుదరదంటూ అది ఆగిపోతుంది. ఆగిపోవడం నిజానికి మేలు, ఎందుకంటే లోపం కంటబడుతుంది. పైన చెప్పిన భాగహారం ఎక్కడా ఆగకుండా మరో జవాబిచ్చి ముందుకు సాగిపోతుంది.

అందువల్ల ఈ వృత్తిలో అసలైన పని రికన్సిలియేషన్, అంటే పాత, కొత్త వ్యవస్థలను కొన్ని వారాలో నెలలో పక్కపక్కన నడిపి ఫలితాలను సరిచూడడం. ముందు వరుసల సంఖ్య, తర్వాత ఒక్కో నిలువు వరుస మొత్తం, ఆపై నివేదికలోని ప్రతి అంకె. తేడా వచ్చినప్పుడు కొత్తది తప్పని అనుకోవడం ఆనవాయితీ, కానీ లోతుగా వెదికితే పాత లెక్కే ఏళ్లుగా తప్పని తేలే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు కూడా ఆడిటర్ల దాకా వెళ్లిన పాత అంకెకు సరిపోయేలా కొత్త ప్రోగ్రాంలో అదే తప్పును తిరిగి రాయించే సంస్థలు లేకపోలేదు. దాన్ని సాంకేతిక లోపమనడం కన్నా యాజమాన్యం తీసుకున్న నిర్ణయమనడం సబబు, దాన్ని కాగితం మీద పెట్టకపోవడమే నేరం. పదేళ్ల తర్వాతి మైగ్రేషన్‌లో మరో బృందం అదే అంకె దగ్గర మళ్లీ తలపట్టుకుంటుంది.

ఈ సరిచూత పనిలో గణనీయమైన భాగం హైదరాబాదులో జరుగుతోంది. పాతది ఆపి కొత్తదానికి మారే కటోవర్‌కు అమెరికా సంస్థలు వారాంతపు రాత్రిని ఎంచుకుంటాయి కాబట్టి, ఇక్కడి ఉద్యోగులకు ఆదివారం పగలు డ్యూటీ పడుతుంది. శిక్షణ కేంద్రాలలోనూ టెరాడేటా ఉన్నచోట స్నోఫ్లేక్ వచ్చి చేరింది.

ఇటీవలి మార్పు సమాచారాన్ని ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడని ఉమ్మడి రూపంలో దాచడం. నెట్‌ఫ్లిక్స్‌లో మొదలై 2018లో అపాచీ సంస్థకు చేరిన ఐస్‌బర్గ్ అటువంటిది, దానిలో ఉన్న పట్టికలను కదపకుండానే వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో చదవవచ్చు. దీనివల్ల ఇకముందు కాపీ చేసే ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ 5ను 2తో భాగిస్తే ఎంత రావాలన్నది ఐస్‌బర్గ్ ఫైలులో ఉండదు, చదివే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది కనుక, సరిచూసేవారి పని తగ్గదు.