కీర్తన కవచమైన వైనము

శత్రువులు చుట్టుముట్టినప్పుడును, రోగశయ్యపైనను, అగాధజలములలోను మానవుడు తన బలమును నమ్మక దైవమునే దుర్గముగా, కేడెముగా, రెక్కల నీడగా భావించి శరణు వేడుట హెబ్రీయుల కీర్తనలకు జీవము. ఈ మొర ఐర్లండు పశ్చిమతీరమందలి స్లైగో సీమను చేరి పొందిన పరిణామము మాత్రము విచిత్రమైనది.

6వ శతాబ్దినాటి ఐరిష్ మఠములలో దావీదు కీర్తనలను కంఠస్థము చేయుట విద్యకు ప్రథమ సోపానము. ఆ విద్యలో ఆరితేరిన కొలంబా ముని బంధువర్గమగు ఉత్తర ఈ నీల్ వంశీయులు 561 ప్రాంతమున, బెన్‌బుల్బెన్ పర్వతపాదమందలి కూల్ డ్రెమ్నెలో, డయర్మాట్ రాజును ఓడించిరి. ఈ విజయము కొలంబా ప్రార్థనాఫలమని అల్‌స్టర్ వార్షిక వృత్తాంతములు చెప్పుచున్నవి. ఫిన్నియన్ గురువు వద్దనున్న కీర్తనల ప్రతికి కొలంబా రహస్యముగా నకలు వ్రాసికొనగా, అది గురువునకే చెందునని రాజు తీర్పు చెప్పుటయే యుద్ధకారణమన్న ప్రసిద్ధ కథ మిక్కిలి అర్వాచీనము. నేను పూర్వపు వ్రాతనే విశ్వసింతును. అందు గ్రంథము లేదు, ప్రార్థన మాత్రమే కలదు.

క్రమముగా గ్రంథమే ముందునకు వచ్చెను. కొలంబా స్వహస్తలిఖితమని ప్రతీతి గన్న లాటిన్ కీర్తనల ప్రతిని, 'పోరాడునది' అను అర్థము గల కాథాక్ నామముతో ఓ డోనెల్ ప్రభువులు వంశరక్షగా కాపాడుకొనిరి. 11వ శతాబ్ది ఉత్తరార్ధమున దానికి లోహపు తొడుగుల పేటికయు అమరెను. నిష్కల్మషుడగు మతాధికారి దానిని వక్షమున ధరించి సేన చుట్టును ముమ్మారు ప్రదక్షిణము చేసినచో జయము తథ్యమని వారి నమ్మిక. పేటిక తెరచుట అశుభమని తలచెడివారు. మనయందును కవచస్తోత్రమును పఠించుటకు బదులు రక్షరేకుపై వ్రాయించి మెడలో కట్టుకొనువారు కలరు గదా! యుద్ధాశ్వము రక్షింపజాలదని పలుకు కీర్తనయు ఆ పేటికలోనే, ఎవరును చదువక, అశ్వసేనల ముందు ఊరేగుచుండెను.

1497లో స్లైగో, రాస్‌కామన్ సీమల నడుమనున్న కర్లూ కొండలలో మెక్‌డెర్మట్ సేనలు ఓ డోనెల్‌ను ఓడించి, గ్రంథరక్షకుని చంపి, కాథాక్‌ను చేజిక్కించుకొనిరి. రెండేండ్లకు అది తిరిగి వచ్చెను. నమ్మిక సడలినట్లు కానరాదు.

అదే సీమలో శిలలయందు వేరొక ధోరణి కనబడును. డ్రమ్‌క్లిఫ్‌లోని ఉన్నత శిలువపై సింహముల నడుమ నిలిచిన దానియేలు చేత ఆయుధము లేదు. తీరమునకు దూరమున ఇనిష్‌మరీ ద్వీపమందలి మఠమును 807లో సముద్రపు దోపిడీగాండ్రు దహించిరి. అయినను శతాబ్దుల తరబడి యాత్రికులు అచటి శిలాపీఠముల యొద్ద ఆగి ఆగి ప్రార్థించుచునే యుండిరి. రక్షణ కలుగనప్పుడును విడువని ఈ ప్రార్థనయే నాకు కీర్తనకారుని మొరకు సన్నిహితముగా తోచుచున్నది.

1813లో పురావస్తు పరిశోధకుడగు విలియమ్ బెథామ్ కాథాక్ పేటికను తెరపించగా, చర్మపత్రములు చెమ్మకు అంటుకొని ముద్దయై యుండెను. విడదీయగా మిగిలిన 58 పత్రములు నేడు డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీయందున్నవి. ప్రతి కీర్తనకును ముందు, ఆ మొర ఎవరిదిగా గ్రహించి చదువవలెనో లేఖకుడు శీర్షికతో సూచించియున్నాడు.