గూడుబండ్ల బారు

డెబ్బదియైదేండ్ల క్రిందటి సంగతిని చలనచిత్రముగా తీయబూనినవారికి ఒక సౌకర్యమును, ఒక చిక్కును కలవు. ఆనాటి వస్తువులు ఇంకను ఇండ్లలో దొరకును; ఆనాటివారి బిడ్డలు ఇంకను బ్రతికియుందురు. 1923 మార్చి 16వ తేదీన న్యూయార్కులో ప్రదర్శన మొదలైన ‘ది కవర్డ్ వాగన్’ అను అమెరికా మూకీ చిత్రమునకు ఈ రెండును ఎదురైనవి. ఆ పేరునకు మన మాటలలో గూడుబండి అని యర్థము.

ఎమర్సన్ హఫ్ 1922లో వెలువరించిన నవల దానికి మూలము. 1848లో మిస్సోరీ నదీ ప్రాంతమందలి వెస్ట్‌పోర్టు రేవు నుండి ఆరెగాన్ భూములకు తరలిపోయిన కుటుంబముల కథ యది. సుమారు 2000 మైళ్ల దారి. నెలల తరబడి ప్రయాణము. నడుమ కాలిఫోర్నియాలో బంగారము దొరకినదన్న వార్త రాగా బండ్ల బారు రెండుగా చీలిపోవును.

దర్శకుడు జేమ్స్ క్రూజ్ ఈ కథను స్టూడియో తెరల నడుమ తీయుటకు ఒప్పలేదు. నెవాడా, యూటా రాష్ట్రముల సరిహద్దునగల స్నేక్ లోయకు నటులను, పనివారిని తరలించి గుడారములు వేయించెను. పాతబండ్లు కావలెనని కబురంపగా, ఆ ప్రాంతపు రైతులు మూలపడియున్న బండ్లను బయటకు లాగి, వాటితోపాటు తామును వచ్చిరి. ఛాయాగ్రాహకుడు కార్ల్ బ్రౌన్ చిత్రించిన ఆ దుమ్ము, ఆ చక్రములు, నది దాటుటలోని ఆ పెనుగులాట, నేడు చూచినను కల్పితములని తోచవు.

అడవిదున్నల వేటకు మాత్రము గ్రేట్ సాల్ట్ సరస్సులోని యాంటిలోప్ దీవికి పోవలసివచ్చెను. ఒకనాడు మైదానములను కప్పివేసిన ఆ మృగములు అప్పటికి ఏవో కొన్ని మందలుగా మిగిలియుండెను. వలసదారుల రాక ఆ నేలను ఎంత మార్చివేసినదో ఈ యొక్క ఇబ్బందియే చెప్పుచున్నది.

బండ్లు నిజమైనవే, అంతమాత్రమున చిత్రములోని దంతయు నిజము కాజాలదు. పశ్చిమ ప్రాంతపు వీరుల వేషములకు పేరుపొందిన నటుడు విలియం ఎస్. హార్ట్ రెండు తప్పులను ఎత్తిచూపెను. వెలుపలికి దారిలేని కొండసందులో రాత్రి విడిది చేయుట యొకటి; ఎడ్లను మెడమీది కాడి తీయకయే ఏటిలో ఈదించుట మరియొకటి. రెండవది తప్పని మన బండివారిలో ఎవరైనను చెప్పగలరు.

బిడ్డల సంగతి ఇంకను చిక్కైనది. రాకీ పర్వతముల దారులెరిగిన జిమ్ బ్రిడ్జర్ 1881లో మరణించిన చారిత్రక పురుషుడు. చిత్రమందు ఆయనను నవ్వు పుట్టించు తాగుబోతుగా చూపిరి. ఆయన కుమార్తె జీవించియుండెను. తన తండ్రికి అపకీర్తి కలిగినదని దావా వేసెను. దావా నెగ్గలేదు. న్యాయస్థానపు తీర్పు ఏమైనను, ఆమె కోపము అన్యాయమని మాత్రము అనజాలము.

అంతకు మించిన సంగతి ఆదిమజాతుల వారిది. వయోమింగ్ రాష్ట్రపు విండ్ రివర్ ప్రాంతమందలి అరాపాహో, షోషోనీ జనులను టిమ్ మెక్కాయ్ అను నాతడు కూర్చితెచ్చెను. తెరపై వీరు బండ్లమీదికి దుముకు శత్రువులు. చరిత్రకారుడు జాన్ అన్రూ లెక్క ప్రకారము, 1840 నుండి 1860 వరకు ఆ దారులలో ఆదిమజాతుల చేతిలో మరణించిన వలసదారులు 362 మంది. వలసదారుల చేతిలో మరణించిన ఆదిమజాతులవారు 426 మంది. వలసదారులలో వేలమందిని పొట్టనబెట్టుకొన్నది కలరా మొదలైన జాడ్యములే. కాని కలరాను వేటాడు కథానాయకుని చూచుటకు టిక్కెట్టు కొనువా రెవరు?

హాలీవుడ్డులోని ఈజిప్షియన్ థియేటరులో చిత్రమునకు ముందు ఈ అరాపాహో జనులను వేదికపై నిలుపుచుండిరి. అదే యేడు లండనుకును కొనిపోయిరి. వారిలోని పెద్దలు చేతి సంజ్ఞలతో తమ గాథలు చెప్పుచుండగా మెక్కాయ్ ఇంగ్లీషున వివరించుచుండెను. వారు వేదిక దిగిన పిమ్మట దీపములు ఆర్పి, చిత్రమును ఆరంభించువారు.