కొండవాలు పాత ఇళ్ళు: పునాది చెప్పే చరిత్ర

మన వేదిక సంచికలో ఏటా వీసాల సంగతి, జీతాల సంగతి, ఆరోగ్యం సంగతి రాసుకుంటాం. చేసే పని గురించి రాసుకునేది తక్కువ. ఈసారి పని గురించే రాయమని పెద్దలు అడిగారు. మేం ఒమాన్‌లో పన్నెండేళ్ళుగా కట్టడం పనిలో ఉన్నవాళ్ళం. మొదట్లో మస్కట్‌లో కొత్త బిల్డింగులు కట్టాం. గత ఆరేళ్ళుగా కొండల్లో పాత ఇళ్ళ గోడలు, పునాదులు బాగుచేస్తున్నాం. డిప్లొమాలో చదివింది కొంత, మేస్త్రీల దగ్గర నేర్చుకున్నది ఎక్కువ. ఆ పాత ఇళ్ళ చరిత్ర తెలియక ఒక తప్పు చేశాం. అదీ ఇందులో రాస్తున్నాం.

ఒమాన్ ఉత్తర భాగంలో హజర్ పర్వతాలు ఉన్నాయి. అందులో జబల్ షమ్స్ శిఖరం దాదాపు 3000 మీటర్ల ఎత్తు. ఆ కొండల వాలుల్లో మిస్ఫాత్ అల్ అబ్రియీన్, అల్ హమ్రా లాంటి పాత ఊళ్ళు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు మాకు ఒకటే అనుమానం. కింద చదును నేల ఉండగా వీళ్ళు పోయి పోయి బండల మీద ఇళ్ళెందుకు కట్టుకున్నారు? తర్వాత అర్థమైంది. ఇక్కడ మట్టి బంగారం. నీళ్ళు పారే మట్టిని ఖర్జూరం తోటకి వదిలేసి, పంట పండని బండని ఇంటికి వాడుకున్నారు. వాదీలో వరద వచ్చినా ఇల్లు ఎత్తులో ఉంటుంది. బండ మీద కట్టిన ఇంటికి వేరే పునాది అక్కర్లేదు, కొండే పునాది.

గోడలు స్థానిక రాయి, మట్టితో కట్టారు. అల్ హమ్రాలో పచ్చి మట్టి ఇటుకలతో రెండు మూడు అంతస్తులు లేపారు. పైకప్పుకి ఖర్జూరం దూలాలు, వాటి మీద మట్టల చాప, ఆ మీద మట్టి. నీళ్ళు తగిలే చోట మాత్రం సారూజ్ అనే గచ్చు వాడారు. బంకమట్టిని రొట్టెల్లా చేసి ఎండబెట్టి, ఖర్జూరం మొద్దులతో కొన్ని రోజులు కాల్చి, దంచి పొడిచేసి, సున్నంతో కలిపితే అదే సారూజ్. నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. ఇక్కడి ఫలజ్ కాలవలు శతాబ్దాల పాటు నిలబడ్డాయంటే అందులో సారూజ్ పాత్ర పెద్దది. అలాంటి ఐదు ఫలజ్‌లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సారూజ్ గురించి వినగానే మా గ్యాంగులో పెద్దాయన నవ్వాడు. ఆయనది జగిత్యాల వైపు, అందరం కాకా అంటాం. "ఇది మన సుర్ఖీయే కదరా" అన్నాడు. నిజమే. కాల్చిన ఇటుకను పొడిచేసి సున్నంలో కలిపితే సుర్ఖీ గచ్చు. మన తాతలు సున్నాన్ని ఎద్దుల గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి గోడలు కట్టారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలం సిమెంటు కాలం కాదు, సున్నం కాలం. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ది రాతికట్టు. వేలమంది మనవాళ్ళు తలమీద రాయి మోసి కట్టిన డ్యామ్ అది. రాతిపని మనకి గల్ఫ్ కొచ్చాక నేర్చుకున్న పని కాదు. కానీ సిమెంటు బస్తా అలవాటై, సున్నం సంగతి మన తరం మర్చిపోయింది.

ఒమాన్‌లోనూ అదే జరిగింది. 1967లో చమురు ఎగుమతి మొదలైంది. 1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కాక రోడ్లు, కరెంటు, బడులు, ఆసుపత్రులు వచ్చాయి. 1980ల్లో దేశంలోనే సిమెంటు తయారీ మొదలైంది. కొండమీది కుటుంబాలు ఒక్కొక్కటే కింద కొత్త ఇళ్ళకి దిగాయి. మనుషులు లేని ఇల్లు తొందరగా పాడవుతుంది. ఏటా వాన తర్వాత కప్పు మీద మట్టి మెత్తేవాడు లేడు. నీళ్ళు దూలంలోకి దిగాయి, దూలం నుంచి గోడ తలలోకి దిగాయి. బహ్లా కోట సంగతి చూడండి. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, మరుసటి ఏడే, 1988లో, ప్రమాదంలో ఉన్న జాబితాకి వెళ్ళింది. ఏళ్ళ తరబడి మరమ్మతు చేశాక 2004లో ఆ జాబితా నుంచి బయటపడింది. అంత పెద్ద కోటకే ఆ గతి పట్టిందంటే చిన్న ఇళ్ళ సంగతి చెప్పేదేముంది.

తర్వాత కాలం మారింది. పాత ఇళ్ళని అతిథి గృహాలుగా మార్చడం మొదలైంది. అక్కడే మాకు పని దొరికింది. అక్కడే తప్పూ జరిగింది.

కొన్నేళ్ళ కిందట ఒక కొండ ఊళ్ళో పాత ఇల్లు మా చేతికొచ్చింది. కాంట్రాక్టరు చెప్పినట్టే పాత మట్టి పూత చెక్కేసి సిమెంటు గిలాబు చేశాం. కప్పు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాం. అంటే పాత గోడ మీద ఒక టన్ను బరువు. ఇంటి కింద మట్టిని ఆపే రాతి కట్టుగోడలో సందులు కనిపిస్తే, నీటుగా ఉండాలని వాటినీ సిమెంటుతో పూడ్చేశాం. చూడ్డానికి బాగుంది. ఫోటోలు కూడా దిగాం.

ఆ చలికాలం రెండు వానలు పడ్డాయి. కట్టుగోడ పొట్ట ముందుకొచ్చింది. ఎందుకో ఇప్పుడు చెప్పగలం. ఆ సందులు పాతవాళ్ళు సున్నం మిగలక వదిలినవి కావు, వెనక నీళ్ళు బయటికి పోవడానికి వదిలినవి. 3 మీటర్ల ఎత్తు గోడ వెనక నీళ్ళు నిండితే, ప్రతి మీటరు పొడుగుకీ నీళ్ళు తోసే బలమే నాలుగున్నర టన్నులు. తడిసిన మట్టి బరువు అదనం. పైన ఇంటి గోడ సంగతీ అంతే. మట్టి గోడ తేమ పీల్చి మళ్ళీ గాలికి వదులుతుంది. సిమెంటు తొడుగు వేస్తే లోపలి తేమ బయటికి రాలేదు, లోపల మట్టి మెత్తబడుతుంది. బయట గిలాబు గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది.

కట్టుగోడ కింద కాంక్రీటు వెయ్యమన్నారు. గోడ పొడుగునా ఒకేసారి కాలవ తవ్వమన్నారు. కాకా వచ్చి, "ముక్కలు ముక్కలుగా తవ్వుదాం, లేకుంటే గోడకి కాళ్ళు తీసేసినట్టే" అన్నాడు. వారంలో పని అయిపోవాలని పైనుంచి ఒత్తిడి. తవ్వారు. నాలుగు మీటర్లు తవ్వేసరికి రాళ్ళు జారాయి. కాకా మోకాలి కింద ఎముక విరిగింది. మిగతా ఇద్దరు ఒక్క అడుగు దూరంలో బతికారు.

ఈ వ్యాసం అంతా "మేం" అని రాస్తున్నాం. కానీ ఆరోజు తవ్వండి అన్న గొంతు సూపర్‌వైజర్‌ది ఒక్కడిదే. అది రాయకపోతే ఈ చరిత్ర అబద్ధం అవుతుంది. నష్టపరిహారం కాగితాల కోసం ఎనిమిది నెలలు తిరిగాం. కాకా ఇప్పుడు ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఫోను చేస్తే మా యోగక్షేమాలు కాదు, "గోడలకి బెజ్జాలు పెడుతున్నరా" అనే అడుగుతాడు.

తర్వాత ఆ గోడ బాగుచెయ్యడానికి ఊళ్ళోని ఒక ముసలి ఒమానీ మేస్త్రీని పిలిపించారు. హిందీ బాగా మాట్లాడతాడు. మేం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన మొదటిరోజు గోడ ముట్టుకోలేదు. పైన నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసి, వాటిని పక్కకి మళ్ళించాడు. రెండోరోజు ట్యాంకు దింపించి, గోడకి దుంగలతో ఆసరా పెట్టించాడు. మూడోరోజు తవ్వకం మొదలైంది.

ఆ పద్ధతే ఇప్పుడు మేం ప్రతి సైటులో పాటిస్తున్నాం. గోడ అడుగుని మీటరు ముక్కలుగా గుర్తు పెడతాం. ఆరు ముక్కలుంటే ముందు ఒకటి, నాలుగు తవ్వి, గట్టి బండ దాకా దిగి, రాయి కట్టి, పై రాయికి సందు లేకుండా బిగిస్తాం. అది గట్టిపడ్డాకే రెండు, ఐదు. చివరికి మూడు, ఆరు. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడుగు రాళ్ళు మధ్యమధ్యలో తప్పకుండా వేస్తాం. వెనక కంకర నింపి, నీళ్ళు పోయే బెజ్జాలు వదులుతాం. పాత గోడకి సున్నం గచ్చే వాడతాం. గచ్చు రాయి కంటే మెత్తగా ఉండాలి. గోడ కొంచెం కదిలితే గచ్చు చిట్లాలి గానీ రాయి పగలకూడదు. గచ్చుని మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఇదంతా కేవలం పాత ఇళ్ళ మీద ప్రేమతో చెప్పడం లేదు. 2007 జూన్‌లో గోను తుఫానుకి ఒమాన్‌లో దాదాపు 50 మంది చనిపోయారు. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను రోజున రుసైల్‌లో కార్మికులు ఉండే గదుల మీద కొండ కూలి ఇద్దరు పోయారు. 2022 మార్చిలో ఇబ్రీ ప్రాంతంలో రాళ్ళ గని దగ్గర కొండ విరిగిపడి పదిమందికి పైగా కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండ కింద నిలబడేది ఎక్కువగా మనలాంటి వాళ్ళే.

అందుకని తమ్ముళ్ళకి చెప్పేది ఇదీ. ఆసరా లేని గోతిలోకి దిగకండి. తవ్విన మట్టిని గోతి అంచున పోయకండి. గోడకి కొత్త పగులు కనిపిస్తే రెండు చివర్లా గీతపెట్టి తేదీ రాయండి. వారంలో ఆ గీత దాటితే పని ఆపించండి. వాన పడిన మర్నాడు గోడ దగ్గర పని వద్దు. కొత్త పిల్లలకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పండి. సూపర్‌వైజర్లయిన వాళ్ళకి ఇంకొక్క మాట. అనుభవం ఉన్న మేస్త్రీ వద్దంటే ఒక పూట ఆగండి. పూట పని పోతే మళ్ళీ చేసుకోవచ్చు.

ఆ ఇల్లు ఇప్పుడు నిలబడే ఉంది. షాహీన్ వానలకీ చెక్కు చెదరలేదు. కట్టుగోడలో పద్దెనిమిది బెజ్జాలు ఉన్నాయి. వానాగాక అటువైపు వెళ్తే, వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయో లేదో చూసి, ఫోటో తీసి కాకాకి పంపుతాం.