గోతాఖోర్ షౌఖ్: ఒక టీవీ సీరియల్ దునియాని నీళ్ళలోకి దింపిన కహానీ



నీళ్ళలో మునిగి పనిచేసే మనిషిని ఉర్దూలో గోతాఖోర్ అంటాం. తెలుగు పేపర్లు 'గజ ఈతగాడు' అని రాస్తాయి. అరబ్బీలో గవ్వాస్. ఖుర్ఆన్‌లో హజ్రత్ సులేమాన్ అలైహిస్సలాం ప్రస్తావనలో కూడా ఈ మాట వస్తుంది. మా కోడేరుకు సముద్రం చాలా దూరం. మాకున్న నీళ్ళు చెరువులు, బాయిలు, కొల్లాపూర్ దాటితే కృష్ణా నది. అయినా ఈసారి గోతాఖోర్ల గురించే రాస్తున్నాను. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

ముందు మన హైదరాబాద్ మోతీల సంగతి. పత్తర్‌గట్టీ దుకాణాల్లో మషూర్ అయిన 'బస్రా మోతీ' హైదరాబాద్ నీళ్ళలో పుట్టింది కాదు. బహ్రెయిన్, ఖతర్, కువైట్ దిక్కు ఖలీజ్ సముద్రంలోంచి గవ్వాస్‌లు తీసింది. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, ఒక తాడు, ఒక్క ఊపిరి. అదే వాళ్ళ సామాను. పైన పడవలో తాడు పట్టుకొని కూర్చునే మనిషిని సైబ్ అనేవాళ్ళు. కింద నుంచి గవ్వాస్ తాడు గుంజగానే సైబ్ పైకి లాగాలి. అతని ధ్యాస ఒక్క నిమిషం తప్పినా కింది మనిషి జాన్ పోతుంది. చాలామంది గవ్వాస్‌లు ఖర్జ్‌లో కూరుకుపోయి ఏళ్ళకేళ్ళు ఆ పనే చేశారు. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలు మార్కెట్ నిండా వచ్చేసరికి ఆ ధంధా కూలిపోయింది. ఆ జమానాలో నీళ్ళలో మునగడం షౌఖ్ కాదు, మజ్బూరీ.

మరి మజ్బూరీ షౌఖ్‌గా ఎప్పుడు మారింది?

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో అనే నేవీ అఫ్సర్, ఎమిల్ గన్యా అనే ఇంజనీర్ కలిసి 'ఆక్వాలంగ్' తయారుచేశారు. వీపు మీద గాలి సిలిండర్, నోట్లో గొట్టం. మనిషి ఊపిరి పీల్చినప్పుడే, ఆ లోతులో నీటి ఒత్తిడికి సరిపోయేంత గాలి వస్తుంది. పై నుంచి పైపు లేదు, ఇనుప టోపీ లేదు. 1956లో కుస్తో సినిమా 'ద సైలెంట్ వరల్డ్' కాన్ పండుగలో పెద్ద ఇనాం గెలిచింది, ఆ తర్వాత ఆస్కార్ కూడా. అదే ఏడు ఆస్ట్రియాకు చెందిన హాన్స్ హాస్, ఆయన బీవీ లోటె కలిసి బీబీసీలో సముద్రం అడుగు చూపించారు. కానీ ఇవన్నీ చూసి ఆశ్చర్యపోయే సంగతులు. 'నేనూ దిగొచ్చు' అనే ఖయాల్ మామూలు ఇళ్ళలో పుట్టించింది మాత్రం అమెరికా సీరియల్ 'సీ హంట్'.

దీన్ని తీసిన ఐవన్ టోర్స్ హంగరీలో పుట్టినవాడు. పెద్ద టీవీ నెట్‌వర్కులు కాదన్నాయి. నీళ్ళ కింద ఎన్ని కథలు చెప్తావు, తొందరగా ఖతం అవుతాయి అనుకున్నారు. అప్పుడు జివ్ అనే కంపెనీ ఒక్కో ఊరి స్టేషన్‌కు విడివిడిగా అమ్మింది. 1958 జనవరిలో మొదలైంది. 1961 దాకా 155 ఎపిసోడ్లు నడిచింది. హీరో మైక్ నెల్సన్, నేవీ మానేసిన గోతాఖోర్. ఆ పాత్ర వేసిన లాయిడ్ బ్రిడ్జెస్‌కు మొదట్లో డైవింగ్ రాదు, సీరియల్ కోసమే నేర్చుకున్నాడు. నీళ్ళ కింద మాట్లాడలేరు కాబట్టి ఆయన గొంతు వెనక నుంచి వినిపిస్తుంటుంది: ఇప్పుడు ఏం చేస్తున్నాను, ఎందుకు చేస్తున్నాను, గాలి ఎంత మిగిలింది. అంటే కథతో పాటు సబక్ కూడా. ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి తెలియకుండానే అరగంట క్లాసు జరిగిపోయేది.

ఇందులో ఆడవాళ్ళ హిస్సా కూడా ఉంది. నీళ్ళ కింద హీరోయిన్ల బదులు దిగింది జేల్ ప్యారీ. 1954లో 209 అడుగుల లోతుకు వెళ్ళి వచ్చిన మనిషి ఆమె. మరుసటి ఏడు 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక అట్ట మీద ఆమె బొమ్మ వేశారు. తెర మీద కాపాడబడే అమ్మాయి, హకీకత్‌లో ఉస్తాద్.

జనం సిలిండర్లు కొన్నారు, సముద్రంలోకి దిగారు. ఇక్కడే అసలు ఖతరా మొదలైంది. నీళ్ళలో పది మీటర్ల లోతుకు పోతే ఒత్తిడి రెండింతలవుతుంది. అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు ఉబ్బుతుంది. ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. ఎక్కువసేపు లోతులో ఉండి గబగబా పైకొస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలవుతుంది, మనిషి జిందగీ అంతా మంచాన పడొచ్చు. హిమ్మత్ ఉంటే చాలు అనుకుంటే ఈ లెక్కలు మాఫ్ చేయవు.

అందుకే షౌఖ్ వెనకాలే తాలీమ్ పరిగెత్తింది. లాస్ ఏంజిలస్ కౌంటీ 1955 నాటికే ఉస్తాదులను తయారుచేసే కోర్సు పెట్టింది. 1959లో వైఎంసీఏ దేశమంతటికీ డైవింగ్ పాఠం తెచ్చింది. 1960లో హ్యూస్టన్‌లో కోర్సు నడిపి 'నావీ' సంస్థ పుట్టింది. 1966లో 'పాడీ' వచ్చింది. ఇప్పుడు దునియాలో ఎక్కడికి పోయినా సర్టిఫికెట్ కార్డు చూపించనిదే సిలిండర్ ఇవ్వని పద్ధతి ఆ రోజుల్లో వేళ్ళూనుకుంది. వాళ్ళు నేర్పే మొదటి మాటల్లో ఒకటి: ఒంటరిగా దిగొద్దు. మైక్ నెల్సన్ చాలాసార్లు ఒంటరిగానే దిగేవాడు. తెర మీద చెల్లింది. పాఠంలో మాత్రం జోడీ తప్పదు. ఖలీజ్‌లో సైబ్ పట్టుకున్న తాడే కొత్త రూపంలో వచ్చిందని నాకనిపిస్తుంది.

ఆ సీరియల్ నడిచిన రోజుల్లో మన పల్లెల్లో టీవీయే లేదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు 'సైట్' ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు ఉపగ్రహం ద్వారా టీవీ వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఇలాంటి ఉపగ్రహాల ఊహను 1945లోనే కాగితం మీద పెట్టిన ఆర్థర్ క్లార్క్‌కు కొలంబోలోని ఇంట్లో ఒక సెట్టు పెట్టించారు. ఆయన సిలోన్‌కు వచ్చింది డైవింగ్ పిచ్చితోనే. 1961లో ఆయన దోస్త్ మైక్ విల్సన్ బృందం అక్కడి గ్రేట్ బాసెస్ దిబ్బ దగ్గర మునిగిన ఓడలో వెండి నాణేలు కనిపెట్టింది. అవి ఔరంగజేబ్ కాలపు రూపాయలు, సూరత్ టంకశాలవి, హిజ్రీ 1113 నాటివి. చూడండి, మన తారీఖ్ కూడా ఎక్కడెక్కడ మునిగి ఉందో!

మన తెలుగు ఇళ్ళు గోతాఖోర్లను రోజుల తరబడి టీవీలో చూసింది 2019లో. సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ట' పడవ మునిగింది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లు, తాళ్ళతో రోజూ పోరాడింది. విశాఖ గోతాఖోర్లు లోతుకు దిగి తాళ్ళు బిగించారు. అక్టోబర్ 22న పడవ బయటికొచ్చింది. 2025 ఫిబ్రవరిలో మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు నేవీ మార్కోస్ కమాండోలు కూడా వచ్చారు. మనం గోతాఖోర్‌ను చూసేది ఎప్పుడూ మౌత్ జరిగాకే. అదే నా దుఃఖం.

మా దిక్కు పాత రోజుల్లో పిల్లలకు నడుముకు బెండు కట్టి, పెద్దలు గట్టు మీద నిలబడి, బాయిలో ఈత నేర్పేవాళ్ళు. బోర్లు వచ్చాక బాయిలు ఎండాయి, ఆ తర్బియత్ కూడా పోయింది. కానీ చెరువులు, కాలువలు, నది ఉన్నాయి. ఈద్ సెలవుల్లో పిల్లలు ఫోన్‌లో చూసిన దుంకుళ్ళు అక్కడ దుంకుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021 ఒక్క ఏడాదిలో నీళ్ళలో మునిగి దాదాపు 3 లక్షల మంది పోయారు.

అమ్మీలారా, అబ్బాలారా, తెర మీద చూసి పిల్లలకు షౌఖ్ పుడితే డాంటకండి. అమెరికా పిల్లలకు కూడా అట్లనే పుట్టింది. ఆ షౌఖ్‌కు ఉస్తాద్‌ను వెతకండి. కొడుకుతో పాటు బేటీకి కూడా ఈత నేర్పించండి, పర్దాకు తగ్గ బట్టలు, ఆడవాళ్ళ వేళలు చూసుకొని. గట్టు మీద ఒక పెద్దమనిషి లేనిదే దిగొద్దని చెప్పండి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దుంకొద్దు. ముందు తాడు, వెదురు కట్టె, దుపట్టా, ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది అందించండి. ఈ నాలుగు మాటలు ఈ జుమ్మా రోజు ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒకసారి మాట్లాడుకోండి.

అల్లాహ్ మన పిల్లలందరినీ తన హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.