పేర్లలో మిగిలిన మొక్కలు

2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ చూసినవారికి అల్ థుమామా అంటే దోహాలోని ఒక స్టేడియం. అదే నగరంలోని అల్ మర్ఖియా అక్కడ ఉద్యోగాలు చేసుకునేవారికి ఒక నివాస ప్రాంతం. రెండూ మొక్కల పేర్ల నుంచి వచ్చినవే. థుమామ్ ఇసుకలో గుబుర్లుగా పెరిగే గడ్డి. మర్ఖ్ ఆకులు దాదాపు లేకుండా, చీపురుకట్ట తిరగేసి నిలబెట్టినట్టుండే పొద. ఒకప్పుడు ఒంటెలు మేపుకుంటూ వచ్చినవాళ్ళు ఒక చోటును మరో చోటు నుంచి వేరుగా గుర్తించడానికి అక్కడ పెరిగే మొక్కనే ఆనవాలుగా తీసుకున్నారు. తరవాత ఆ నేల మీద రోడ్లు, ఇళ్ళు వచ్చాయి. మొక్కను ఎన్నడూ చూడనివారు కూడా ఇప్పుడు దాని పేరు చెప్పి టాక్సీ ఎక్కుతున్నారు.

ఖతార్ చిన్న దేశం. వైశాల్యం 11,500 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే పాత అనంతపురం జిల్లాలో మూడింట రెండు వంతులకన్న తక్కువ. వాన ఏడాదికి సగటున 80 మిల్లీమీటర్లు దాటదు. అదీ చలికాలంలో నాలుగైదు విడతలుగా పడుతుంది. నదులు లేవు. పడిన కొద్ది నీరు సున్నపురాతి నేల మీదుగా జారి, వెంట తెచ్చిన మెత్తటి మట్టితో సహా పల్లాల్లో చేరుతుంది. అలాంటి పల్లాన్ని అరబ్బీలో రౌదా అంటారు. ఆ దేశపు సహజ వృక్షసంపదలో చాలా భాగం ఈ పల్లాలలోనే ఉంది. రేగుకు దగ్గర చుట్టమైన సిద్ర్, మన తుమ్మల బంధువు సమ్ర్, ముళ్ళపొద ఔసజ్ ప్రధానంగా అక్కడే పెరుగుతాయి. వాటిని నమ్ముకున్న తేనెటీగలు, కందిరీగలు, సీతాకోకచిలుకలు కూడా అక్కడివే.

థుమామ్, మర్ఖ్, సమ్ర్ మూడింటికీ శాస్త్రీయ నామం ద్వారా ఒకే మనిషితో సంబంధం ఉంది. ఆయన లిన్నేయస్ శిష్యుడు పేటర్ ఫోర్‌స్కోల్. డెన్మార్క్ రాజు పంపిన అరేబియా యాత్రలో సభ్యుడిగా 1761లో కోపెన్‌హాగెన్ నుంచి బయలుదేరాడు. 1763 జులైలో యెమెన్‌లోని యరీమ్‌లో మలేరియాతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 31. బృందంలో ప్రాణాలతో తిరిగివచ్చినవాడు కార్‌స్టెన్ నీబూర్ ఒక్కడే. ఫోర్‌స్కోల్ రాసిపెట్టుకున్న కాగితాలను ఆయనే 1775లో అచ్చు వేయించాడు. ఫోర్‌స్కోల్ ఖతార్‌లో అడుగు పెట్టలేదు. కాని ఎర్రసముద్రపు తీరంలో ఆయన వర్ణించిన మొక్కలే పర్షియన్ సింధుశాఖ దాకా పరుచుకుని ఉన్నాయి. మొక్క లక్షణాలతో పాటు స్థానికులు దాన్ని పిలిచే అరబ్బీ పేరును కూడా ఆయన రాసుకునేవాడు.

ఈ కథకు మన ఒడ్డున ఒక జత కథ ఉంది. లిన్నేయస్ మరో శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ వైద్యుడు. 1768లో డేనిష్ వలస స్థావరమైన తరంగంబాడికి వచ్చాడు. ఆర్కాటు నవాబు కొలువులోను, ఆపైన ఈస్టిండియా కంపెనీలోను ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పటికి దగ్గర్లోని సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ ఉన్నాడు. ఆయనా వైద్యుడే. కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ వెలువరించిన సంపుటాలలో తెలుగు పేర్లు నమోదయ్యాయి. అక్కడ అరబ్బీ, ఇక్కడ తెలుగు. పేరు చెప్పిన కాపరి, రైతు, మూలికలవాడు ఎవరో మాత్రం ఏ సంపుటమూ చెప్పదు.

అయితే ఆ గ్రంథాల పద్ధతిలోనే ఒక లోపం ఉంది. ఫోర్‌స్కోల్ మొక్కలు ఒక పుస్తకంగా, జంతువులు మరో పుస్తకంగా అచ్చయ్యాయి. కోనిగ్ సేకరించిన కీటకాలను ఐరోపాలో ఫాబ్రిషియస్ వర్ణించాడు, మొక్కలు వేరేవారి చేతుల్లోకి వెళ్ళాయి. పురుగు ఏ ఆకు మీద దొరికిందన్నది రెండు పుస్తకాల మధ్య జారిపోయింది. ఎన్ని మొక్కలో, ఎన్ని పురుగులో లెక్క ఉంది. ఏది దేన్ని నమ్ముకుని బతుకుతోందో ఆ లెక్క లేదు.

ఆ లెక్క ఎందుకు ముఖ్యమో చెప్పడానికి జిల్లేడు చాలు. రథసప్తమి నాడు తల మీద ఆకు పెట్టుకుని స్నానం చేసే మనకు ఈ మొక్కను పరిచయం చేయనక్కరలేదు. ఖతార్ రోడ్ల పక్కన పెరిగేది మన రెండు జిల్లేళ్ళలో ఒకటి. అరబ్బీలో ఉషర్ అంటారు. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచులు, ఆ నలుపులో తెల్ల చుక్కలు ఉండే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక జిల్లేడు, మర్ఖ్ వంటి ఆ కుటుంబపు మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. క్రీస్తుపూర్వం 1350 ప్రాంతంలో ఈజిప్టులో నెబామున్ సమాధి గోడ మీద చిత్రించిన సీతాకోకచిలుకలు ఇవే. ఇప్పుడు ఆ చిత్రం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

జిల్లేడు పాలలోని విషం వైద్యులకు పరాయిది కాదు. కోనిగ్ చనిపోయిన 1785లోనే విలియం విదరింగ్ డిజిటాలిస్ గురించి పుస్తకం ప్రచురించాడు. గుండెజబ్బుకు శతాబ్దాల పాటు వాడిన ఆ మందు, జిల్లేటిలోని విషం ఒకే తరహా రసాయనాలు. రెండూ కణపు పొరలోని సోడియం-పొటాషియం పంపును అడ్డుకుంటాయి. ఆ పంపును 1957లో గుర్తించిన యెన్స్ స్కోకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సీతాకోకచిలుకల వంశంలో ఆ పంపు నిర్మాణమే కొద్దిగా మారి, విషం సరిగా అతుక్కోకుండా పోయింది. మేకలు సాధారణంగా ముట్టని ఆకు గొంగళిపురుగుకు అన్నమైంది. దాని ఒంట్లో చేరిన విషం పక్షుల నుంచి రక్షణ కూడా అయింది. ఇలాంటి బంధం ఏర్పడడానికి లక్షల సంవత్సరాలు పడుతుంది. నర్సరీ నుంచి తెచ్చిన మరో మొక్క ఆ స్థానాన్ని భర్తీ చేయలేదు.

సీతాకోకచిలుకల కోసం తోట అనగానే మనకు పూలు గుర్తొస్తాయి. పువ్వు దానికి పూటకూళ్ళ ఇల్లు. ఏ పూవులోనైనా ఒక పూట తేనె తాగి వెళ్ళగలదు. దాని పుట్టిల్లు మాత్రం ఆకు, అదీ కొన్ని ప్రత్యేకమైన మొక్కల ఆకు. సిద్ర్, రేగుల మీద పెరిగే చిన్న నీలి సీతాకోకచిలుకలున్నాయి. వాటి గొంగళిపురుగులు ఆ ఆకులే తింటాయి. వాటి ఒంటి నుంచి ఊరే తీపి కోసం చీమలు కాపలా కాస్తాయి. శరదృతువులో సిద్ర్ పూస్తే తేనెటీగలు, ఈగలు, కందిరీగలు ముసురుతాయి. జిల్లేడు పూలలో పరాగసంపర్కం ముఖ్యంగా చెక్కకు తొలిచే పెద్ద తుమ్మెదల పని. పుప్పొడి ముద్దలుగా వాటి కాళ్ళకు అంటుకుని పక్క మొక్కకు చేరుతుంది.

1939 ప్రాంతంలో దుఖాన్ దగ్గర చమురు దొరికింది. 1949లో ఎగుమతి మొదలైంది. సంపదతో పాటు పచ్చదనం మీద కోరిక కూడా పెరిగింది. శుద్ధిచేసిన మురుగునీరు పారించిన పచ్చిక బయళ్ళు, కాగితంపూల తీగలు, గోడలా కత్తిరించిన కోనోకార్పస్ వరసలు దోహా వీధులకు వచ్చాయి. కోనోకార్పస్ సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు. వేగంగా పెరుగుతుంది, ఉప్పునీటికి ఓర్చుకుంటుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. పరాగానికి గాలినే నమ్ముకుంటుంది కాబట్టి తుమ్మెదతో దానికి పనిలేదు. మన హైదరాబాద్ రోడ్ల మధ్య కూడా అదే చెట్టును నాటి, తరవాత వద్దనుకున్నాము. ఎడారి నగరానికి పరిష్కారంగా ఎంచుకున్న చెట్టును రెండు జీవనదులున్న నేలకు ఎందుకు తెచ్చుకున్నామో అడిగినవారు తక్కువ.

ఈ పొరపాటులో మనది పాత చరిత్ర. దక్షిణ అమెరికా మూలాలున్న సర్కారు తుమ్మను వంటచెరకు కోసం 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. భారతదేశంలో దాని తొలి నమోదిత నాట్లలో అది ఒకటి. ఖతార్ పల్లాలలోనూ ఇప్పుడు సర్కారు తుమ్మ పాకింది. దాని పూలలో తేనెటీగలకు తేనె దొరుకుతుందన్నది నిజమే. కాని అది పాకిన చోట స్థానిక మొక్కలకు నీళ్ళు, చోటు తగ్గుతాయి. దాని దాయాది జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. గల్ఫ్‌లో జమ్మిని గాఫ్ అంటారు. ఎమిరేట్స్‌కు అది జాతీయ వృక్షం, ఖతార్‌లో మాత్రం అరుదు. దసరా నాడు జమ్మి ఆకు కోసం వెతుక్కునే మనవాళ్ళకు రెండుచోట్లా ఎదురయ్యేది ఒకే లోటు.

ఖతార్ ఈ విషయం గుర్తించలేదని అనలేము. 1981లో ఈజిప్టు వృక్షశాస్త్రజ్ఞుడు కమాల్ బతానూనీ అక్కడి వృక్షసంపద మీద సమగ్ర గ్రంథం వెలువరించాడు. ఖతార్ ఫౌండేషన్ చిహ్నం సిద్రా చెట్టు, దోహాలోని ఒక పెద్ద ఆసుపత్రి పేరూ అదే. 2008లో యునెస్కో తోడ్పాటుతో ఖురాన్ వృక్షోద్యానం మొదలైనప్పుడు ముందుగా నాటింది సిద్రానే. 2019లో పది లక్షల చెట్లు నాటే కార్యక్రమం ప్రారంభమైంది. మన హరితహారం లాగే అక్కడా ప్రకటనలో కనిపించేది చెట్ల సంఖ్య. ఏ చెట్టు, ఎక్కడ, ఏ పురుగు కోసం అన్నవి సంఖ్యలో పట్టని ప్రశ్నలు. జిల్లేడు విరివిగా కనిపించడం కూడా శుభసూచకమే కానక్కరలేదు. పశువులు మిగతావన్నీ మేసేసిన చోట అదే మిగులుతుంది. రౌదాలో సిద్ర్ మొలకను ఒంటెలు కొరికేయకుండా, వాహనాలు తొక్కేయకుండా కంచె వేసి కాపాడడం వెయ్యి మొక్కలు నాటడం కన్న నిదానమైన పని, కొన్నిచోట్ల అంతకన్న ఫలితమిచ్చే పని.

దోహాలోనో, మరో నగరంలోనో అద్దె ఇంట్లో ఉండేవారి చేతిలో ఎడారి లేదు. ప్రహరీ పక్కన తనంతట తాను మొలిచిన మొక్క మాత్రం ఉంటుంది. పిల్లలు పాలు కంట్లో పడకుండా చూసుకుంటే దాన్ని పీకేయక్కరలేదు. ఆకులకు చిల్లులు పడినప్పుడు మందు కొట్టే ముందు ఆకు తిరగేసి చూస్తే, నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు కనిపించవచ్చు. ఫోర్‌స్కోల్ రెండు పుస్తకాలు కలవాల్సిన చోటు ఆ ఆకు అడుగే.