బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్

ఫైరింగ్ పిన్ అంటే బోల్టు లోపల స్ప్రింగు బిగువున ఆగి, ట్రిగ్గర్ నొక్కగానే ముందుకు దూకి తూటాలోని ప్రైమర్‌ను పేల్చే ఉక్కు కడ్డీ. అది దూకే దూరం దాని పరుగు. పరుగు చివర బోల్టు ముఖం దాటి బయటికి వచ్చే మేర పొడుపు. రైఫిల్ ప్రతిసారీ పేలుతుందా, కాల్చేవారికి ప్రమాదం లేకుండా పేలుతుందా అన్నవి ఈ రెండు కొలతల మీద ఎంతో ఆధారపడతాయి.

తొలి దశ

డ్రైజె రూపొందించిన సూది తుపాకీని ప్రష్యా సైన్యం 1841లో స్వీకరించింది. పొడవాటి సూది కాగితపు తూటాను, మందును చీల్చుకుంటూ వెళ్లి గుండు అడుగున ఉన్న ప్రైమర్‌ను తాకేది. మంట మధ్య ఉండే సూది త్వరగా పాడయ్యేది. అందుకే సిపాయిలు అదనపు సూదులు వెంట ఉంచుకునేవారు. ఇత్తడి తూటాలు వచ్చి, ప్రైమర్ తూటా అడుగుకు చేరాక సూది స్థానంలో పొట్టి మొనగల గట్టి పిన్ వచ్చింది. 1898 నాటి మౌజర్‌లో బోల్టు తెరిచేటప్పుడు పిన్ బిగుసుకుంటుంది. 1895 నాటి లీ-ఎన్‌ఫీల్డ్‌లో మూసేటప్పుడు బిగుసుకుంటుంది.

హైదరాబాద్ ప్రాంతంలో

‘త్రీ నాట్ త్రీ’గా మన ఊళ్లకు తెలిసినది లీ-ఎన్‌ఫీల్డే. 1948 సెప్టెంబరు పోలీసు చర్యలో భారత సైన్యం ప్రధాన రైఫిల్ ఇదే. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు పోలీసులు ఈ రైఫిల్‌నే వాడారు. 1960లలో ఇషాపూర్ కర్మాగారం దీన్నే 7.62 మి.మీ. తూటాకు అనువుగా మార్చింది.

అమరిక

లీ-ఎన్‌ఫీల్డ్ పిన్ వెనుక భాగం కాకింగ్ పీస్‌లోకి మరలతో బిగుస్తుంది. దాని పొడుపు 0.040 నుంచి 0.050 అంగుళాల మధ్య, అంటే సుమారు 1.02 నుంచి 1.27 మి.మీ. ఉండాలి. తగ్గితే దెబ్బ చాలక తూటా పేలదు. పెరిగితే ప్రైమర్‌కు చిల్లు పడి, వేడి వాయువు కాల్చేవారి వైపు తన్నుకొస్తుంది. బోల్టు ముఖంలోని రంధ్రం అరిగి వదులైతే, ప్రైమర్ లోహం ఒత్తిడికి పిన్ చుట్టూ ఉన్న సందులోకి ఉబ్బుతుంది. ఆర్మరర్ గేజీతో కొలిచి చూసేది అందుకే.

ఎన్‌సీసీ విద్యార్థులు కాల్చే .22 రైఫిల్‌లో ప్రైమర్ మందు తూటా అంచులోనే ఉంటుంది కాబట్టి పిన్ కూడా అంచునే కొడుతుంది. అందులో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే కొన్ని రకాల్లో పిన్ నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి గాటు పెడుతుంది.

క్రీడలో

ట్రిగ్గర్ వదిలిన క్షణం నుంచి ప్రైమర్‌కు దెబ్బ తగిలే వరకు పట్టే వ్యవధి కొన్ని మిల్లీసెకన్లే. ఆ లోపు గొట్టం కదిలితే గురి తప్పుతుంది. పరుగు తగ్గించి, పిన్ బరువు తగ్గిస్తే వ్యవధి తగ్గుతుంది; అయితే దెబ్బ బలం చాలాలంటే స్ప్రింగు గట్టిగా ఉండాలి. ఈ సమతూకాన్ని సాధించిన .22 బోల్ట్ యాక్షన్ రైఫిళ్లతోనే 50 మీటర్ల పోటీలు జరుగుతాయి. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల ప్రోన్ విభాగంలో రజతం సాధించారు.